ప్లీడరయ్య బంగారు పెన్నుకు నేను చింతపండు పెట్టిన కథ

ఆ రోజుల్లో మా ప్రాంతంలో మనిషి గొప్పతనమంతా చొక్కా జేబు అంచు మీదే కనిపించేది. జేబు లోపల ఏముందో ఎవరికీ తెలియదు, పైన ఏం మెరుస్తోందో మాత్రం అందరూ చూసేవారు. అసలు చొక్కా తొడిగినవాళ్లే తక్కువ, తొడిగినవాళ్లలో పెన్ను తగిలించుకున్నవాళ్లు ఇంకా తక్కువ. ఆ పెన్నుకు బంగారంలా పచ్చగా మెరిసే మూత ఉన్నవాళ్లు పెనుకొండ మొత్తానికి ఇద్దరో ముగ్గురో. (ఉత్త మూత ఒక్కటే జేబుకు తగిలించుకుని తిరిగిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడని చెప్పుకునేవారు. కింద పెన్ను ఉందా అని ఆయన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.) నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు. యాభై దాటాక మనవరాలి పలక మీద నేర్చుకున్నదాన్ని. పెన్ను అంటే రాసే వస్తువని చెవులు విన్నాయేమో గాని మనసు ఎక్కించుకోలేదు. నా మనసుకు అది మగవాళ్లు పెట్టుకునే నగ. నగ మాసిపోతే తోమాలి, తోమితే మెరుస్తుంది. ఈ చిన్న తెలివే నన్ను మూడు రోజులు సరిగ్గా తిండి తిననివ్వలేదు.

అప్పుడు నాకు పద్నాలుగో పదిహేనో. వరసగా రెండేళ్లు వానలు లేక, కొత్తచెరువు దగ్గరి మా ఊళ్లో విత్తిన శెనక్కాయలు భూమిలోనే మాడిపోయాయి. అమ్మా నేనూ పెనుకొండ చేరి, కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొట్టాం. అమ్మ రాళ్లు పగలగొట్టేది, నేను గంపకెత్తేదాన్ని. మధ్యాహ్నానికి ఆ రాళ్లు పెనం మీది రొట్టెల్లా కాలేవి. అలాంటప్పుడు ఎవరో తెలిసినామె మాట సాయం చేస్తే ప్లీడరు గారింట్లో అంట్లు తోమే పని దొరికింది. నీడ పట్టు, రెండు పూటలా తిండి. చేర్చిన రోజున అమ్మ నన్ను ప్లీడరు గారి భార్య ముందు నిలబెట్టి ఒక మాటిచ్చింది.

"నా బిడ్డ ఒకరి సొమ్ము ముట్టదు తల్లీ. ముట్టిందని తెలిస్తే మీరేమీ అనొద్దండి, నేనే తీసుకొనిపోయి మళ్లా కంకర గుట్ట కాడ కూర్చోబెడతా."

అమ్మ మాటంటే మాటే. ఒకసారి అన్నదాన్ని వెనక్కు తీసుకోవడం ఆమెకు తెలియదు. నాకు మాత్రం ఆ ఇంటి పని రాజ్యం దొరికినట్లుగా ఉండేది. వంటింటి వెనక తోమే బండ నా సింహాసనం. నానబెట్టిన చింతపండు, గుడ్డలో జల్లించిన ఇటిక పొడి, కొబ్బరి పీచు, ఇవి నా సరంజామా. చెంబులు, బిందెలు, గంగాళం తోమి ఎండలో బోర్లిస్తే వీధిలో పోయేవాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. (కొంచెం ఎక్కువ చెప్పానేమో. ఒకాయన అలా పెట్టుకోగా చూశాను. ఆయన కళ్లజబ్బు మనిషని తర్వాత తెలిసింది.) అమ్మగారు నన్ను అమ్మణ్ణీ అని పిలిచేది. నా ఇత్తడి చూసి వచ్చినవాళ్లు మెచ్చుకుంటే, తానే తోమినంతగా పొంగిపోయేది.

ఆమె అంతకన్నా పొంగిపోయే సందర్భం ఇంకొకటి ఉండేది. అది ప్లీడరయ్య పెన్ను. ఆమె తమ్ముడు మిలిట్రీలో ఉండి, పదేళ్ల క్రితం సెలవు మీద వచ్చినప్పుడు బావకు తెచ్చి ఇచ్చినది. నల్లటి నున్నటి ఒళ్లు, దాని మీద సన్న గీతలు చెక్కిన పచ్చటి మూత, మూతకు కొక్కెం. ఇంటికి ఎవరు వచ్చినా, మజ్జిగ తాగేలోపు ఆ పెన్ను సంగతి వచ్చేది. సముద్రాలు దాటి తెచ్చినాడని, మూతంతా మేలిమి బంగారమని ఆమె చెప్పేది. కోర్టులో గంటల కొద్దీ మాట్లాడే ప్లీడరయ్య, పెన్ను మాట వస్తే మాత్రం కాగితాల్లో తల పెట్టేసేవాడు. వినయం అనుకునేదాన్ని.

ఒకసారి ప్లీడరయ్య ఏదో కేసు పని మీద రెండు రోజులు అనంతపురం పోతూ, ఆ పెన్నును బల్ల మీదే మరిచిపోయాడు. బల్ల తుడవబోయి మొదటిసారి దాన్ని దగ్గరగా చూశాను. మూత మీద గీతల్లో ఇంకు మరకలు, వేళ్ల జిడ్డు. అక్కడక్కడ రంగు వెలిసి, ఎండిన ఆకులా ఉంది. నాకు ప్రాణం ఉసూరుమంది. నా గంగాళం అద్దంలా మెరుస్తున్న ఇంట్లో, అయ్య బంగారం ఇలా మాసిపోవడమా? అయ్య తిరిగి వచ్చి చూసి ఆశ్చర్యపోవాలని, అమ్మగారు పక్కింటికి పోయిన సమయం చూసి మూతను తోమే బండ మీదికి తీసుకుపోయాను. చింతపండు దట్టంగా పట్టించి, ఇటిక పొడి వేసి, పీచుతో పైకీ కిందికీ రుద్దాను. మొండి మరకని అనిపించిన చోట ఇంకో గుప్పెడు పొడి వేశాను. కడిగి తుడిస్తే, అబ్బ, ఏం మెరుపని. సాయంత్రం అమ్మగారు దూరం నుంచి చూసి, తమ్ముడి పెన్నుకు దిష్టి తగులుతుందేమోనని కూడా అంది. లోపల్లోపల నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు పొద్దున చూద్దును కదా, మూత నల్లబడింది. ముందురోజు తోమి సరిగ్గా తుడవని చెంబు ఎలా ఉంటుందో అచ్చం అలా. చేతిలోకి తీసుకుని, ఎందుకో అనుమానం వచ్చి వేళ్లు వాసన చూసుకున్నాను. రోజుకు రెండు పూటలా ఇత్తడిలో మునిగి తేలే చేతులు నావి. చెమట తగిలిన ఇత్తడి వాసన నిద్రలో చూపించినా పోల్చుకుంటాను. అమ్మగారి బంగారు గాజులు కడిగి ఇచ్చినప్పుడు నా వేళ్లకు ఏ వాసనా అంటేది కాదు. ఈ మూతకు మాత్రం గంగాళం వాసన వస్తోంది. నేను తోమితే బంగారం ఇత్తడైపోయింది. ఈ మాట చెబితే నమ్మేదెవరు? ఇంట్లో నుంచి బంగారు మూత పోయింది, దాని చోట ఇత్తడి మూత వచ్చింది, ఆ ఇంట్లో కొత్త మనిషిని నేనొక్కదాన్ని. దొంగ ఎవరో తేల్చడానికి ప్లీడరు కూడా అక్కర్లేదు. ఇక మా అమ్మ నా చెయ్యి పట్టుకుని కంకర గుట్ట వైపు నడవడం కళ్ల ముందు కనిపించింది. ఆ పూట అన్నం ముద్ద గొంతు దిగలేదు.

అదే రోజు మా వీధి మొదట్లో కళాయి తాత వచ్చి కొలిమి పెట్టాడు. ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత పూసే ముసలి సాయిబు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఇంట్లో గిన్నెలన్నీ మోసుకుపోయి, వాటి మధ్య చెంబులో దాచి పెన్నును కూడా తీసుకుపోయాను. మిగతా ఆడవాళ్లు పోయేదాకా ఆగి, చెంబులో నుంచి తీసి ఆయన ముందు పెట్టాను.

"తాతా, ఈ మూతకు కూడా కళాయి పెట్టు."

తాత తిత్తి ఊదడం ఆపి నన్నూ పెన్నునూ మార్చి మార్చి చూశాడు. "పెడతా. తెల్లగా అయితాది. బంగారు పెన్ను తీసుకొనిపోయిన పిల్ల సత్తు పెన్ను తెచ్చింది అంటారు. పర్వాలేదా?"

నాకు ఏడుపు వచ్చేసింది. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. మూతను అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు, దాగలి అనే ఇనప దిమ్మె మీద చిన్నగా తట్టి చెవి పెట్టాడు, నాలాగే వాసన కూడా చూశాడు. తర్వాత గోటితో కొక్కెం కొద్దిగా పైకెత్తి, ఎండకు పెట్టి నాకు చూపించాడు.

"ఈడ చూడు పాపా. ఈ కొక్కెం కింద నీ ఇటిక పొడి దూరలేదు. ఆడ ఉండే రంగు వేరే, పైన ఉండే రంగు వేరే. ఇది మొదట్నుంచీ ఇత్తడే. పైన బంగారు నీళ్లు పట్టించినారు, ఉల్లిపొర కన్నా సన్నంగా. పదేండ్లు జేబు గుడ్డకు రాసుకొని సగం పోయింటాది. మిగిలిన సగం నువ్వు పోగొట్టినావు."

చూస్తే నిజమే. కొక్కెం నీడలోనూ, గీతల అడుగునా మెత్తటి పసుపు, మిగతా చోట నా చెంబు రంగు. తాతకు ఉత్సాహం వచ్చి మిగతా పెన్నును కూడా పరీక్షకు పెట్టాడు. నల్లటి ఒళ్లు బర్రెకొమ్ముతో చేసిందని నేను అనుకునేదాన్ని. ఆయన దాన్ని లుంగీకి గబగబా రుద్ది నా ముక్కు దగ్గర పెట్టాడు. సైకిలు షాపు వాసన, అందులో కొంచెం గంధకం. రబ్బరును గంధకంతో వండి రాయిలా గట్టిచేస్తారని, ఇది అదేనని చెప్పాడు. పాళీని మాత్రం చాలాసేపు చూశాడు. నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, మళ్లీ చూశాడు.

"ఇన్నేండ్లు ఇంకులో నానింది. ఇనుమైతే తుప్పు తినేసి ఉండాల. ఇత్తడైతే పచ్చ చిలుము పట్టి ఉండాల. దీనికి ఏమీ కాలేదు. ఈ పెన్నులో బంగారం ఉంటే, ఈ పాళీలోనే ఉండాది. దీని మీద ఏందో రాసినారు గదా, చదువు చూద్దాం."

ప్లీడరింటి పిల్లనని ఆయన నమ్మకం. నేను పాళీని అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్లు చికిలించి, "ఇది బంగారం అని రాసినారు తాతా" అని చదివాను. "నేను చెప్పలేదా" అని తాత తల ఊపాడు. (ఆయనకూ చదువు రాదు. ఆ అక్షరాల వల్ల మా ఇద్దరి గౌరవమూ ఆ పూటకు నిలబడింది.) పోయి ఉన్నదున్నట్లు చెప్పేయమని చెప్పి, ఆయన మళ్లీ తిత్తి ఊదుకున్నాడు. గిన్నెలు ఇచ్చేసి ఇంకో ఊరికి పోయే మనిషి, ఆయనకేం.

నేను చెప్పలేదు. ముందు తోమే బండ దగ్గరి బురదంతా చేటలో వేసి జల్లించాను, పోయిన బంగారం కొంచెమన్నా దొరుకుతుందేమోనని. ఒక గాజు ముక్క, నాలుగు కందిబేడలు దొరికాయి. ఆ తర్వాత నాకు తట్టిన ఉపాయానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. మూతను మళ్లీ తోమి, ఆముదంలో పసుపు కలిపి, వేలితో పలచగా పూసి, మెత్తటి గుడ్డతో తుడిచాను. గీతల్లో పసుపు నిలిచింది, పైన ఆముదం మెరిసింది. దూరం నుంచి చూస్తే కొత్త బంగారం. దగ్గరి నుంచి చూస్తే, ముత్తయిదువ. బల్ల మీద పెట్టి, దేవుడా అని ఒక దండం పెట్టుకున్నాను.

ప్లీడరయ్య ఆ సాయంత్రం వచ్చాడు. మర్నాడు తెల్ల చొక్కా వేసుకుని, మీద నల్లకోటు తొడిగి, దాని లోపలి జేబుకు పెన్ను తగిలించుకుని కోర్టుకు పోయాడు. మూత వైపు ఒకసారి వింతగా చూసినట్లనిపించింది. మా పెనుకొండ ఎండలో నల్లకోటు కింద ఆముదం ఏం చేస్తుందో నేను ఆలోచించలేదు. ఆ మర్నాటి పొద్దున, అనంతపురం నుంచి తెచ్చిన మాసిన బట్టలతో కలిపి ఆ చొక్కా ఉతకడానికి తీస్తే, సరిగ్గా గుండె మీద అరచేయంత పచ్చటి మరక. అమ్మగారు చూడకముందే వదిలించాలని సబ్బు పట్టించాను. అంతే, మరక పచ్చ నుంచి ఎరుపుకు తిరిగింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని ఊళ్లో పాపలకు కూడా తెలుసు. సబ్బు కూడా ఆ పనే చేస్తుందని ఆ రోజు నాకు తెలిసింది. ఎంత రుద్దితే అంత ఎరుపు. రుద్దుతున్నదాన్ని వెనక నీడ పడితే తల ఎత్తాను. అమ్మగారు.

మొదట ఆమె అయ్యకు దెబ్బ తగిలి రక్తం కారిందనుకుని హడలిపోయింది. వంగి చూసింది. వేలికి అంటించుకుని చూసింది. ఆ తర్వాత ఆమె ముఖం మారిపోయింది. చొక్కాను నా చేతిలో నుంచి లాక్కుని, నీళ్లు కారుతుండగానే లోపలికి పోయింది. ప్లీడరయ్య సగం గడ్డం గీసుకుని, సగం మీద సబ్బు నురగతో అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె చొక్కాను ఆయన ఒళ్లో పడేసింది.

"ఇది పారాణి. పారాణి కాళ్లకు పెడతారు. అనంతపురంలో ఎవతె కాలు పెట్టింది మీ గుండె మీద, అది చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. ఇరవై ఏళ్లుగా ఎదటి ప్లీడర్ల నోరు మూయించిన మనిషి, కత్తి ఒక చేతిలో, చొక్కా ఒక చేతిలో పట్టుకుని, ఆ మరకను కోర్టు కాగితంలా ముందూ వెనకా చూస్తున్నాడు. అనంతపురంలో బస దిగిన సత్రం పేరు చెప్పాడు, పక్క మంచంలో పడుకున్న గుమాస్తా పేరు చెప్పాడు. ఆమె వినలేదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది, తమ్ముడికి కబురు పంపుతానంది. మిలిట్రీ తమ్ముడు తుపాకితో దిగడం నాకు కనిపించింది. గడప దగ్గర నిలబడి ఉన్నాను, మోచేతుల నుంచి సబ్బు నీళ్లు కారుతున్నాయి. నోరు మూసుకుంటే నా పని నిలుస్తుంది, కానీ ఏ తప్పూ చేయని ఆ మనిషి నింద మోస్తాడు. నోరు తెరిస్తే కంకర గుట్ట. దొంగ అని ఎవరన్నా అంటారేమోనని మూడు రోజులుగా వణికిపోతున్నదాన్ని, ఆయన ముఖం చూస్తే ఆ మాట ఎలా ఉంటుందో అర్థమైంది.

"అది పారాణి కాదమ్మా. పెన్నుకు నేను పూసిన పసుపు. మూత తోమినాను, బంగారం పోయింది."

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. చింతపండు, ఇటిక పొడి, కళాయి తాత, ఆముదం, బురద జల్లించడం, అన్నీ చెప్పేశాను. అది మొదట్నుంచీ ఇత్తడేనని తాత చెప్పిన మాట కూడా వచ్చేసింది, వచ్చాక నాలుక కరుచుకున్నాను. అమ్మగారు ఏడుపు ఆపేసింది. కోటు జేబులో నుంచి పెన్ను తీసి, మూతను కొంగుతో గట్టిగా తుడిచింది. పసుపంతా కొంగుకు వచ్చి నా ఇత్తడి బయటపడింది. నన్ను తిడుతుందని చూస్తున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. భర్త ముఖంలోకి దొంగచూపు చూస్తూ, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"మీకు తెలిసిపోయిందా, ఇది గిల్టని?"

ప్లీడరయ్య కత్తి కింద పెట్టాడు. "మీ తమ్ముడు ఇచ్చిన నెలకే తెలుసు. కొక్కెం వదులైతే కంసాలాయన కాడికి తీసుకొనిపోయినా. గీటురాయి మీద గీసి చూసి నగినాడు. నీకు చెప్తే నొచ్చుకుంటావని ఊరికే ఉండిపోయినా. నీకెప్పుడు తెలిసింది?"

"వాడు రైలెక్కేటప్పుడే చెప్పినాడు. అక్కా, బంగారం కొనే స్తోమత నాకు యాడిది, బావతో అనొద్దు అని."

పదేళ్లు. ఎవరికి అనుమానం వస్తుందోనన్న భయంతోనే ఆమె వచ్చినవాళ్లందరికీ మేలిమి బంగారమని చెబుతూ వచ్చిందట. ఆమె అలా చెప్పిన ప్రతిసారీ ఈయన, అయ్యో పిచ్చిది నమ్ముకుని ఉందే అని తల దించుకున్నాడట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో నాకు తెలియలేదు. ఆయన గడ్డం మీది నురగ ఎండిపోయి రాలుతోంది, ఆమె కళ్లు తుడుచుకుంటే కొంగు పసుపు చెంపలకు అంటుకుంది. నవ్వవచ్చో లేదో తెలియక, నేను గడప పట్టుకుని నిలబడ్డాను. పాళీ మాత్రం బంగారమేనని తాత అన్నాడని చెప్పాను, ఎందుకైనా మంచిదని. ప్లీడరయ్య దాన్ని వెలుతురుకు పెట్టి చదివి, ముసలాయన కరెక్టే అన్నాడు. వాళ్ల నవ్వు తగ్గాక అడగవలసింది అడిగాను, నన్ను పంపించేస్తారా అని.

ఆయన కోర్టు గొంతు తెచ్చుకున్నాడు. "ఏమ్మా, మూత మార్చి ఎత్తుకొనిపోయేది ఎవరైనా, దాన్ని మెరిసేటట్లు తోమి బల్ల మీద పెట్టి పోతారా? మళ్లా దానికి పసుపు పూసి దండం పెడతారా? ఇట్లాంటి దొంగను నేను ఇంతవరకూ చూడలేదు. పో, పోయి పని చూసుకో."

నేను కదలబోతుంటే అమ్మగారు వెనక్కు పిలిచింది. "అమ్మణ్ణీ, మా తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడు మాత్రం దీన్ని తోమొద్దు. ఇప్పుడు పూసినట్లే పసుపు పూసి పెట్టు. వాడు నొచ్చుకుంటాడు."

ఆ సాయంత్రం గుడిసెకు పోయేసరికి, దారిలో ఎవరో చెప్పగా అమ్మకు ప్లీడరింట్లో ఏదో గొడవ జరిగిందన్న సంగతి చేరిపోయింది. వాకిట్లోనే నిలబడి ఉంది. కూర్చోనివ్వకుండా, పని ఉండాదా పోయిందా అని అడిగింది. ఉండాదని చెప్పి, జరిగిందంతా చెప్పాను. అమ్మ నవ్వలేదు. చివరిదాకా విని, నువ్వే చెప్పినావు గదా, ఎవరూ పట్టుకోకముందే చెప్పినావు గదా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాక లోపలికి పోయి రాగి సంగటి ముద్ద తెచ్చి పెట్టింది. అది తిన్నాను. ఇంకోటి పెట్టింది, అదీ తిన్నాను. ఆ రెండోది తన వంతని అప్పుడు నాకు తోచలేదు.

ఇప్పుడు నేను పెన్నుతో రాసుకుంటుంటే, చేతికి ఇంకు అంటితే, ఆ పిల్ల గుర్తుకొస్తుంది. ఎవరికీ తెలియకుండా ఇత్తడికి పసుపు పూసి బంగారం చేశానని నమ్మిన పిల్ల. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా ఒక్కరు, ఒక్క మాట గట్టిగా అని ఉంటే ఈ నవ్వు నాకు దక్కేది కాదు. ఎవరూ అనలేదు. ఆ పిల్ల రెండు ముద్దలు తిని, చేతులైనా కడుక్కోకుండా, అమ్మ పక్కన పడి నిద్రపోయింది.